పగిలిందా, చిట్లిందా

సోమవారం

ప్రియమైన అక్కా,

ముందు క్షేమ సమాచారం రాయాలి కాబట్టి రాస్తున్నాను. బాగానే ఉన్నాను. ఇక అసలు సంగతి.

సీసాల బండి తోలే పెద్దాయన నిన్న మా ప్రెస్సుకి సిరా సీసాలు దింపడానికి వచ్చాడు. దింపుతూ దింపుతూ నిదానం సంగతి చెప్పాడు. మీ గాజు కర్మాగారంలో ఇరవై ఆరేళ్ళు సీసాలు మోసిన మనిషి. వెనక ఎవరు తరుముతున్నా ఒకే నడక నడుస్తుందనే కదా మీరంతా ఆవిడకి ఆ పేరు పెట్టారు. యాసిడ్ పోసే పెద్ద సీసా, చంటిపిల్లంత బరువున్నది, ఆవిడ రెండు చేతుల మధ్యే ముక్కలైందట. గాజు పెచ్చు మణికట్టులో దిగి నరం తెగిందట. మూడు వేళ్ళు ముడుచుకోవడం లేదట. ఇంతవరకూ ప్రమాదం. ఆ తర్వాత జరిగినది ప్రమాదం కాదు. పోయిన ప్రతి సీసాకీ రాసే చీటీలో 'ఎలా పోయింది' అన్న గడిలో 'పగిలింది' అని రాశారు. దాంతో ఆవిడ చెయ్యి జార్చిందని తేల్చి పని మాన్పించారు. ఆ చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చునేది ఎవరక్కా? నువ్వే కదా.

నాలుగేళ్ళు మీ ఇంట్లో పెరిగినవాణ్ణి. మీ మాటలు నాకు తెలియనివి కావు. బయటినుంచి దెబ్బ తగిలి పోతే పగిలింది. లోపలి వేడి సరిగా చల్లారక దానంతట అదే పోతే చిట్లింది. పగిలిన దాంట్లో దెబ్బ తగిలిన చోట ఒక చుక్క ఉంటుంది, దాని చుట్టూ గీతలు నక్షత్రంలా పరుచుకుంటాయి. చిట్లిన దాంట్లో చుక్క ఉండదు, గీత పాములా వంకర తిరుగుతూ పోతుంది. ఇవన్నీ నువ్వే నాకు ముక్కలు పక్కపక్కన పెట్టి చూపించావు. మరి నిదానం చేతిలో పోయిన సీసాలో ఆ చుక్క చూశావా?

ప్రూఫులు దిద్దుతూ నిన్నంతా ఇదే ఆలోచన. మన భాషలో తాడు తెగుతుంది, కర్ర విరుగుతుంది, కాగితం చిరుగుతుంది, గుంపు చెదురుతుంది, నేల బీటవారుతుంది. పాలు విరిగినా మనసు విరిగినా ఒకటే మాట. పువ్వయితే ముక్కలు కాదు, విచ్చుకుంటుంది. విడివడే ప్రతి వస్తువుకీ దాని మర్యాద దానికి దక్కేట్టు ఒక మాట ఉంచారు పెద్దలు. అన్ని మాటల్లోంచి మీ కర్మాగారం రెండే ఏరుకుంది. ఒకటి రాస్తే తప్పు కూలీది, ఇంకొకటి రాస్తే తప్పు కంపెనీది. ఆ రెంటిలో ఏది రాయాలో చేతిలో పెన్సిల్ ఉన్న మనిషి తేలుస్తుంది. నేను చదివే పుస్తకాల్లో ఒకదానిలో ఉంది: యజమాని కొరడాని దాచిపెట్టాడంటే అర్థం, దాన్ని ఒక గుమస్తా చేతికి ఇచ్చాడని.

పంతొమ్మిదో తేదీన పై ఆఫీసు అధికారి విచారణకి వస్తాడట. ఆ రోజు నువ్వు నిలబడి చిట్లింది అని చెప్పాలి. ఒక్క మాట. నాలుగక్షరాలు కూడా లేవు.

బావకి నా నమస్కారాలు.

నీ తమ్ముడు

*

గురువారం

ప్రియమైన తమ్ముడికి,

ఇది చదివే ముందు ఏమైనా తిను. కోపం వస్తే కంచం ముందునుంచి లేచిపోయే అలవాటు నీకింకా పోలేదని అక్షరాలు చూస్తేనే తెలుస్తోంది. రెండో పేజీలో పెన్ను కాగితంలోకి దిగిపోయింది.

నిదానం చెయ్యి కట్టు విప్పారు. బొటనవేలూ చూపుడువేలూ కదులుతున్నాయి. మిగతావి చలికి బిగుసుకున్నట్టు అలాగే ఉన్నాయి. నేను వెళ్ళినప్పుడు ఎడమచేత్తో జుట్టు దువ్వుకోవడం నేర్చుకుంటోంది. నన్ను చూసి, "ఇరవై ఆరేళ్ళు ఈ చెయ్యి పనిచేసింది, ఇక ఆ చెయ్యి వంతు" అంది. నేను దువ్వుతానంటే ఒప్పుకోలేదు. మొండిది.

నువ్వు రాసినవన్నీ నిజమే. చుక్కా నక్షత్రం నేనే చెప్పాను. చెప్పినందుకు ఇప్పుడు చెంపలేసుకుంటున్నాను. బాబూ, రోజుకి పన్నెండు వందల సీసాలని కర్రతో తట్టి చెవి ఒగ్గి వింటాను. సాయంత్రానికి ఇంట్లో గరిటె మోగినా సీసా మోగినట్టే ఉంటుంది. ఆ చెవులతో నీ కరపత్రాల గొంతు కూడా వినమంటే నావల్ల కాదు.

చిట్లింది అని రాయడం నీకు తేలిక. మాట రాయగానే పని అయిపోదు. ఒక చీటీ వెనక ఇంకో చీటీ పుడుతుంది. దాని మీదా ఎవరిదో ఒక పేరు ఉంటుంది. ఇంతకంటే అడక్కు.

మీ బావని కరిగించే కొలిమి దగ్గరనుంచి మార్చారు. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయని డాక్టరు రాసిచ్చాడు. మారి ఆరు నెలలైంది. నీకు రాద్దామనుకుంటూనే మర్చిపోయాను. మనిషి బాగా తగ్గాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే కుర్చీలో కూర్చుండిపోతున్నాడు. ఏమిటని అడిగితే ఏం లేదంటాడు. ఏం లేదన్న మాటకి ఆయన దగ్గర పది అర్థాలున్నాయి, నీకు తెలిసినదే.

నీ బూడిదరంగు చొక్కా మోచేతి దగ్గర అతుకు వేయించి బండి పెద్దాయన చేత పంపుతున్నాను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని ఇప్పుడర్థమైంది.

నీ అక్క

*

ఆదివారం

అక్కా,

ప్రియమైన అన్న మాట ఈసారి రాయలేకపోతున్నాను. రాస్తే అబద్ధం అవుతుంది. అబద్ధాలు రాసే పని మన ఇంట్లో ఒకరు చేస్తే చాలు.

'ఇంతకంటే అడక్కు' అన్నావు. లోకంలో అన్యాయాలన్నీ ఈ వాక్యం నీడలోనే పెరుగుతాయి. నీకు భయం. మీరంతా కళ్ళజోడు అని పిలిచే మీ సూపర్‌వైజరుకి భయపడుతున్నావు. అతను నీ వెనక నిలబడి పగిలింది అని రాయమని ఉంటాడు, నువ్వు రాసి ఉంటావు. ఆ మాట ఒప్పుకోవడానికి కూడా నీకు ధైర్యం లేదు. బావ గురించి రాశావు, ఆయన కుర్చీలో కూర్చుంటున్నాడని. మూడు వేళ్ళు పోయిన మనిషి జుట్టు దువ్వుకోలేకపోతుంటే, మనం కుర్చీల గురించి రాసుకుందామా?

నువ్వు చెయ్యనిది నేను చేశాను. మా ప్రెస్సులో పని అయ్యాక యజమానిని అడిగితే మిగిలిన కాగితం వాడుకోమన్నాడు. మూడు వందల కరపత్రాలు వేశాను. అక్షరాలు నేనే పేర్చాను, నేనే దిద్దాను. పైన పెద్ద అక్షరాల్లో రెండే మాటలు: పగిలిందా, చిట్లిందా. కింద నువ్వు నేర్పిన చుక్క సంగతీ, నక్షత్రం సంగతీ. పది గంటలు చల్లారవలసిన గాజుని ముందే బయటికి లాగితే అది చేతిలో బాంబు అని రాశాను. తప్పు మోసిన చేతిది కాదు, పొయ్యిది అని రాశాను. చివర 'ఒక కార్మికుడు' అని సంతకం. బండి పెద్దాయన మంగళవారం పొద్దున గేటు దగ్గర పంచుతాడు.

ఇది చదివి పంతొమ్మిదిన నువ్వు నోరు విప్పితే మళ్ళీ నా అక్కవి. విప్పకపోతే మన మధ్య తెగినట్టే. ఆ మాటకి నీ బల్ల దగ్గర గడి లేకపోవచ్చు, నాకు మాత్రం అర్థం స్పష్టంగా తెలుసు.

ఇట్లు

*

బుధవారం

తమ్ముడికి,

సంతకం పెట్టడం కూడా మర్చిపోయేంత కోపంలో రాశావు. సరే.

కరపత్రాలు చేరాయి. బాగా అచ్చయ్యాయి. అందరూ చదివారు, చదవడం రానివాళ్ళు చదివించుకున్నారు. మా బల్ల దగ్గర పిల్లలు ముక్కలు చేతిలో పట్టుకుని చుక్క వెతుక్కుంటూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి మేనేజరు కూడా చదివాడు. నువ్వనుకున్నట్టు ఆయన కోప్పడలేదు. కళ్ళజోడుని పిలిచి చాలా మెత్తగా అన్నాడట, "సరే, చిట్లిందనే అనుకుందాం. ఆ రోజు పొయ్యి దగ్గర ఎవరున్నారో పేరు రాయి."

చల్లార్చే పొయ్యి. పేరుకి పొయ్యి, పని చల్లార్చడం. నువ్వు ఇక్కడున్నప్పుడు దాని పక్కన నిలబడి చలికాలంలో చేతులు కాచుకునేవాడివి. పొయ్యిదే తప్పు అని రాశావు. పొయ్యికి చేతులుండవు నాయనా. దాని ముందు నిలబడి తలుపు తీసే మనిషికి ఉంటాయి. మీ బావని మార్చారని రాశాను కదా. ఎక్కడికి మార్చారని నువ్వడగలేదు. కుర్చీ గురించి మాత్రం ఎత్తిపొడిచావు.

అది పది గంటలు కాదు, పదకొండు. అచ్చులో తప్పు పడింది. పదకొండు గంటలు లోపలే ఉండాలి. ఎండాకాలం నుంచి ఏడు గంటలకే లాగమన్నారు. కాగితం మీద కాదు, నోటితో. కళ్ళజోడు వచ్చి చెవిలో చెప్పి పోయాడు. ఉడికిందాకా ఉండి ఉమ్మగిలిందాకా ఉండలేరా అని మీ బావ ఒకసారి నవ్వుతూ అన్నాడు. రెండోసారి నవ్వకుండా అన్నాడు. గేటు బయట పని కోసం ఇరవైమంది నిలబడి ఉన్నారు, చూశావా అన్నారు. ఆ తర్వాత అనలేదు. ఆ రోజు నా బల్ల మీద కూడా రెండు సీసాలు ఎవరూ ముట్టుకోకుండానే పోయాయి. టప్పుమని చిన్న చప్పుడు. నేను వాటికి ఏం రాశానో నిన్ను అడగనివ్వను.

ఇప్పుడు మీ బావ పేరు కాగితం మీద ఉంది. పని ఒక్కటే పోతుందో, నిదానం చేతికి కూడా ఆయన్నే బాధ్యుణ్ణి చేస్తారో శుక్రవారం తేలుతుంది. కరపత్రం వేసింది నువ్వని ఆయనకి తెలుసు. 'పొయ్యి' అన్న మాటలో నువ్వు ఎప్పుడూ వత్తు సగమే గీసేవాడివట, అచ్చులో మాత్రం సరిగ్గా ఉందని మెచ్చుకున్నాడు. కుర్చీలోనే కూర్చుని మెచ్చుకున్నాడు.

అలసిపోయాను. దీపం తీసేస్తున్నాను.

అక్క

*

గురువారం

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ప్రెస్సులో నిలబడే చదివాను. పేర్చిన పేజీ ఒకటి చేతిలోంచి జారి అక్షరాలన్నీ నేలమీద చెల్లాచెదరయ్యాయి. ఏరుకుంటూ కూర్చున్నాను, అదే నయమనిపించింది. ఎవరితోనూ మాట్లాడే పని లేదు.

అక్కా, నేను అడగలేదు. ఎక్కడికి మార్చారని అడగలేదు. నీ ఉత్తరం తీసి మళ్ళీ చూశాను, ఆ వాక్యం ఉంది. దాన్ని దాటి చొక్కా దగ్గరికి వెళ్ళిపోయాను. కూలీల కష్టం గురించి పది పుస్తకాలు చదివినవాణ్ణి, బావ కష్టం గురించి రెండు వాక్యాలు చదవలేకపోయాను.

రేపు నువ్వు పగిలింది అని చెప్పు.

ఈ మాట రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను, నేను ఎలాంటివాణ్ణో నీకు తెలియాలి. పోయినవారం అదే మాట రాసినందుకు నిన్ను అక్కవి కాదన్నాను. ఈవారం అదే మాట చెప్పమని బతిమాలుతున్నాను. నిదానం చెయ్యి మారలేదు. గాజులో గీత మారలేదు. మారింది, ఆ పొయ్యి ముందు నిలబడ్డ మనిషి నా బావ అని తెలియడం ఒక్కటే. అంటే ఇన్నాళ్ళూ నేను చెప్పిన న్యాయమంతా నాకు పరిచయం లేనివాళ్ళ మీద చెప్పింది.

ఇంకో కరపత్రం వేస్తాను. మొదటిది తప్పని, రాసినవాడు ఏమీ తెలియని కుర్రవాడని వేస్తాను. పేరు పెట్టి వేస్తాను. కళ్ళజోడు కాళ్ళు పట్టుకోమన్నా వచ్చి పట్టుకుంటాను. రైలు ఎక్కి వద్దామనుకున్నాను, కానీ నన్ను చూస్తే బావకి ఇంకా కష్టమవుతుందేమో తెలియలేదు. నిదానానికి ఏం చెప్పాలో అదీ తెలియలేదు. ఆవిడకి ఎవరైనా ఉన్నారా? ఇదీ నేనెప్పుడూ అడగలేదు.

ఈ ఉత్తరం మా ప్రెస్సులో పనులకి పరుగెత్తే కుర్రాడి చేత స్టేషనుకి పంపుతున్నాను, సాయంత్రం బండి అందితే పొద్దునకి నీకు చేరుతుంది.

నీ తమ్ముడు

*

ఆదివారం

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం విచారణ అయిన మర్నాడు అందింది. మంచిదే అయింది. ముందే అంది ఉంటే నీ మాట వినేదాన్నేమో.

నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. మాటిచ్చాను కాబట్టి దాచాను, ఇక ఆ మాటకి పని లేదు. పగిలింది అని రాయమన్నది కళ్ళజోడు కాదు. నిదానం.

ఆ రోజు రక్తం తుడుస్తుంటే, డాక్టరు ఇంకా రాకముందే, నా కొంగు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "సీసా వెచ్చగా ఉందమ్మాయ్. ఎత్తుకున్నప్పుడే చేతికి తెలిసింది. అయినా ఎత్తుకున్నాను. చిట్లిందని రాశావంటే నీ మొగుడి మీదకి పోతుంది. నేను రేపో మాపో మానేసేదాన్నే. నా పేరున రాసెయ్." అంత నెప్పిలో కూడా లెక్క అంత బాగా తేల్చింది. నేను రాశాను. నువ్వన్నట్టు నా చేతిలోనే పెన్సిల్ ఉంది. మీ బావకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఆవిడ కోసం నువ్వు నిప్పు తొక్కినట్టు గంతులు వేస్తుంటే ఆ ఒట్టే నన్ను నొక్కింది.

శుక్రవారం ఆఫీసు గదిలో మేనేజరు, కళ్ళజోడు, పై ఆఫీసునుంచి వచ్చిన ఆయన కూర్చున్నారు. ఆయన ముసలివాడు, ఆవలింతలు తీస్తూనే ఉన్నాడు. ముందు నిదానాన్ని అడిగారు. చెయ్యి జారిందని చెప్పింది. నేర్చుకున్న పాఠంలా చెప్పింది. తలుపు దగ్గర తన వంతు కోసం నిలబడిన మీ బావ విన్నాడు. ఆయనకి అప్పుడే అర్థమైంది, నీకు ఇప్పుడు అర్థమైనట్టు. పిలవకుండానే లోపలికి వచ్చాడు.

"ఆవిడ చేతిలోంచి ఇరవై ఆరేళ్ళలో ఏదీ జారలేదండీ. ఏడు గంటలకి నేనే తీశాను. అది చిట్లింది."

అధికారి ఆవలింత ఆపి నా వైపు తిరిగాడు. చీటీ రాసింది నువ్వే కదా, నువ్వు చెప్పు అన్నాడు. నిదానం కళ్ళతో వద్దంటోంది. మీ బావ నా వైపు చూడటం లేదు. ఏం చెప్పినా తనకి సమ్మతమేనని అలా చెప్పడం ఆయన పద్ధతి. చిట్లింది అన్నాను. ఆ గదిలో ఆ మాట ఇంతకుముందు ఎవరూ పైకి అనలేదు. ఆ మాటతో మా ఇంట్లో పని పోతుందని తెలిసే అన్నాను. నీ కరపత్రం వల్ల అనలేదు, నువ్వు పొంగిపోకు. మరి దేనివల్ల అన్నానంటే నాకూ సరిగా తెలియదు. ఇద్దరు మనుషులు ఒకరి తప్పు ఒకరు నెత్తిన వేసుకుంటుంటే, మధ్యలో నేను అబద్ధానికి కాపలా కాయలేకపోయాను.

ఏడు గంటలకే ఎవరు తీయమన్నారని అడిగాడు. మీ బావ కళ్ళజోడు వైపు చూశాడు. ఆ సూపర్‌వైజరు తన అద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు, గది ఖాళీ అయ్యేదాకా తుడుస్తూనే ఉన్నాడు. అలాంటి ఉత్తర్వు ఏదీ కాగితం మీద లేదని మేనేజరు చెప్పాడు. అది నిజమే.

మీ బావ పని పోయింది. అంతకంటే ముందుకి వెళ్ళలేదు, వెళ్తే ఏడు గంటల సంగతి మళ్ళీ తవ్వాల్సి వస్తుంది కదా. నిదానం చెయ్యి జార్చలేదని రాసుకున్నారు. తిరిగి పనిలోకి రమ్మన్నారు, మోయలేదు కాబట్టి గేటు దగ్గర కూర్చోబెట్టారు. నన్ను బల్ల మీంచి తీసి సీసాలు కడిగే చోట వేశారు. శనివారం నుంచి పొయ్యి పదకొండు గంటలు నడుస్తోంది. ఏడన్నవాళ్ళూ లేరు, పదకొండన్నవాళ్ళూ లేరు, గడియారం ఒక్కటే మారింది.

కొత్త చీటీలు కూడా అచ్చేయించారు. పగిలింది లేదు, చిట్లింది లేదు. ఒకటే గడి, 'పోయినవి'. అంకె రాస్తే చాలు. నీ రెండు మాటలూ అలా పోయాయి.

మీ బావ రేపు పొద్దున బండికి బయల్దేరి మీ ఊరు వస్తున్నాడు. అక్కడ ఏదైనా పని దొరికేదాకా నీ గదిలో ఉంటాడు. నేను ఇక్కడే ఉంటాను, ఒక్క పనైనా నిలవాలి కదా. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో వేరువేరు కప్పుల కింద ఉండటం ఇదే మొదలు. దీనికి ఏ మాట సరిపోతుందా అని వెతక్కు. వేరే ఊళ్ళో ఉన్నాడు అంటారు, అంతే.

ఆయన ఎక్కువ మాట్లాడడు. నువ్వు క్షమించమని అడగకు. అడిగావంటే నిన్ను ఓదార్చే పని కూడా ఆయన మీదే పడుతుంది, ఇప్పుడు ఆయనకి ఆ ఓపిక లేదు. గోడవైపు పక్క వేసి చూపించు. పడుకోనివ్వు.

నీ అక్క